మరకతము: ధారణము, సమర్పణము

సికిందరాబాదు నగరమున జనరల్ బజారు, పాట్ మార్కెట్ వీథులు నగల వర్తకమునకు ప్రసిద్ధములు. ఆ వీథులకు పోవు గృహస్థులలో కొందఱు జాతకచక్రమును వెంట గొనిపోవుట మనమెఱిగినదే. "స్వామీ, మా పిల్లవానికి చదువు నిలుచుట లేదు. పచ్చ పెట్టించుమని చెప్పినారు. అప్పు చేసియైనను పెట్టింపవలెనా?" అని నన్నడుగువారు నేటికిని కలరు. ఈ ప్రశ్న కేవలము ఒక రాతిని గూర్చినది కాదు. ఒక తండ్రి ఆశయు, భయమును, ఏండ్ల సంపాదనయు అందు ఇమిడియున్నవి. కావున పెద్దలు పచ్చను గూర్చి ఏమి చెప్పిరో విచారింతము.

మనము పచ్చ యని పిలుచు రత్నమునకు సంస్కృతమున మరకతము, హరిన్మణి, అశ్మగర్భము, గారుత్మతము అని పేర్లు కలవు. వీనిలో గారుత్మత శబ్దము వైష్ణవులకు మిక్కిలి ప్రియమైనది. గరుత్మంతునికి సంబంధించినది గారుత్మతము. గరుడపురాణమున దీని కథ కలదు. బలుడను అసురుడు దేవతలకిచ్చిన మాటకు కట్టుబడి, వారి యజ్ఞమునకు తన దేహమునే పశువుగా ఒసగెను. అతని అవయవములు రత్నములకు బీజములయ్యెను. అతని పిత్తమును వాసుకి గైకొని ఆకాశమార్గమున పోవుచుండగా గరుత్మంతుడు అడ్డగించెను. వాసుకి విడిచిన ఆ పిత్తము పర్వతసానువుల పడి మరకతములకు ఆకరమైనది. విషమును హరించు గుణము పచ్చకు కలదని పురాణము చెప్పుటకు ఈ గరుడసంబంధమే మూలము. అయితే ఇందు గమనింపదగిన విశేషము వేఱొకటి. రత్నము పుట్టినది దానము వలన. మాట నిలుపుకొనుటకై సర్వస్వము నిచ్చినవాని దేహమే మణియైనది.

ఇక జన్మరత్నమను మాట. మే నెలలో పుట్టినవారు పచ్చ ధరింపవలెనను పట్టిక మన శాస్త్రములది కాదు. అది 1912లో అమెరికా దేశపు నగల వర్తకుల సంఘము ఏర్పఱచిన పట్టిక. మన సంప్రదాయమున రత్నము నెలను బట్టి కాక గ్రహమును బట్టి వచ్చును. పచ్చ బుధగ్రహమునకు చెందినది. మిథున కన్యా రాశులకు బుధుడు అధిపతి. ఆశ్లేష, జ్యేష్ఠ, రేవతి నక్షత్రములలో పుట్టినవారికి జన్మకాలమున నడచునది బుధమహాదశ. దాని పూర్ణప్రమాణము 17 సంవత్సరములు. నవరత్నముల ఉంగరమున మాణిక్యము నడుమ నుండగా పచ్చ ఈశాన్యమున నిలుచును. విద్యకు, వాక్కునకు, వర్తకమునకు బుధుడు కారకుడు గనుక చదువుకొను పిల్లలకు పచ్చ పెట్టించు ఆచారము ఏర్పడినది. ఆ బుధునికి అధిదేవత ఎవరు? సాక్షాత్తు శ్రీమహావిష్ణువే. గ్రహము సేవకుడు, ప్రభువు స్వామి. సేవకుని రత్నమును వెదకుచు ప్రభువును మఱచుట వివేకము కాదు.

ఆఱవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో మరకతమునకు ఒక్క శ్లోకము మాత్రమే కేటాయించినాడు. చిలుక ఱెక్క, వెదురాకు, అరటి, దిరిసెన పువ్వు వంటి కాంతి గల పచ్చను మెచ్చుకొని, అది దేవకార్యములందును పితృకార్యములందును మిక్కిలి శుభప్రదమని చెప్పినాడు. పచ్చకు ఆ మహానుభావుడు చూపిన స్థానము దైవసన్నిధి, పితృసన్నిధి. స్వామి వైజయంతీమాల పంచభూత తత్త్వములకు రూపమని విష్ణుపురాణము చెప్పగా, ముత్యము, మాణిక్యము, మరకతము, ఇంద్రనీలము, వజ్రము ఆ మాలలోని ఐదు మణులని పెద్దలు వివరించిరి. తిరుమలేశుని ఆభరణములలో మేరుపచ్చ పేరు వినని భక్తుడు లేడు.

రాజులు కూడబెట్టిన పచ్చల గతి యేమి? పదునాఱవ శతాబ్దము నుండి దక్షిణ అమెరికాయందలి కొలంబియా గనుల పచ్చలు పోర్చుగీసు వర్తకుల వలన గోవా రేవునకు చేరి మన దేశపు రాజుల కోశములు నింపినవి. మన నిజాము ప్రభువుల నగలలోను అట్టివి కలవు. ఆ నగలలో 173 వస్తువులను 1995లో భారత ప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొనినది. 2001లో సాలార్‌జంగ్ మ్యూజియమున ప్రదర్శించినపుడు సామాన్య జనులు సైతము వానిని కన్నులార చూచిరి. ధరించిన ప్రభువులు లేరు, మణులు మాత్రము నిలిచినవి.

ఈ గడ్డమీదనే మఱియొక పచ్చ కథ కలదు. తానీషా కాలమున పాల్వంచ తహసీలుదారైన కంచెర్ల గోపన్న భద్రాద్రి రామునికి ఆలయమును, ఆభరణములను చేయించి, సర్కారు సొమ్ము వెచ్చించిన నేరమునకు గోలకొండ చెఱసాల పాలైనాడు. ఆ చెఱలో నుండి రామచంద్రునికే లెక్క అప్పజెప్పుచు పాడిన కీర్తన మన ఇండ్లలో నేటికిని మ్రోగుచున్నది. సీతమ్మకు చింతాకు పతకము, లక్ష్మణునకు ముత్యాల పతకము, రామునికి కలికితురాయి అని చెప్పిన ఆ పట్టికలో పచ్చల పతకము ఎవరిది? భరతునిది. వచ్చిన రాజ్యమును తనది కాదని పాదుకల ముందుంచి, నందిగ్రామమున పదునాలుగేండ్లు దానిని న్యాసముగా కాపాడి తిరిగి అప్పగించిన మహాత్ముడు భరతుడు. పచ్చ ధరించువాడు ఎట్లుండవలెనో ఆ ఒక్క పేరు చెప్పుచున్నది. చేతనున్నది స్వామిసొత్తు, తాను కావలివాడు అని తలచువానికే రత్నము శోభించును.

కావున గృహస్థులకు మనవి. కలిగినవారు పచ్చను పరీక్షించి కొనవచ్చును. పూర్తిగా నిర్దోషమైన పచ్చ మిక్కిలి అరుదు. లోపలి సన్నని పగుళ్లను నూనెతో పూరించి అమ్ముట వర్తకమున సామాన్యము. యంత్రశాలలో పెంచిన పచ్చలును, పచ్చగాజును అంగళ్లకు వచ్చుచున్నవి. తెలిసినవారి పరీక్షాపత్రము లేక వెల చెల్లింపరాదు. కొన్న రత్నమును ముందుగా స్వామి పాదములయొద్ద నుంచి, ప్రసాదముగా గ్రహించి ధరింపవలెను. లేనివారు అప్పు చేయవలదు. పిల్లవాని చదువుకొఱకు కొన్న రాయి వాని చదువు సొమ్మునే మ్రింగినచో అది శాంతి యెట్లగును? బుధవారమున పెసలు దానము చేయుడు. బుధునికి ప్రియమైన ధాన్యమది. సాయంకాలమున పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని విష్ణుసహస్రనామము పఠింపుడు. నాలుక తిరుగును, మనస్సు నిలుచును, తండ్రికి కొడుకు చెంత గడపుటకు ఒక గడియ దొరకును.

శ్రీకృష్ణ తులాభార కథ తెలుగువారికి క్రొత్త కాదు. సత్యభామ నగలన్నియు త్రాసులో పోసినను స్వామి తూగలేదు. రుక్మిణీదేవి భక్తితో ఉంచిన ఒక్క తులసీదళమునకు తూగినాడు. ఆ త్రాసున పచ్చరాళ్లును ఉండియుండును, పచ్చని ఆకును ఉన్నది. గెలిచినది ఆకు. మన పెద్దలు పిల్లలను "పచ్చగా ఉండుడు" అని దీవించుట ఊరక కాదు. ఆ పచ్చదనము అంగడిలో దొరకునది కాదు. పెరటి తులసికోటయొద్ద నిత్యము లభించునది.

గరుడవాహనుడైన శ్రీనివాసుడు మన గృహములను ఎల్లప్పుడు పచ్చగా నుంచుగాక.