ప్రజాగ్రహానికి న్యాయమున్నదా?

ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు ప్రజలు ప్రభుత్వం మీద ఆగ్రహించడం న్యాయమేనా? ఈ ప్రశ్న వేసినవారు నా మిత్రులు, అర్థశాస్త్ర అధ్యాపకులు. ప్రజాపక్షం వహించేవారే గాని ప్రజాద్వేషి కారు. ఆయన వాదం ఇది: "మాంద్యం తుఫాను వంటిది. దాన్ని ఏ ఒక్కరూ పంపలేదు. తుఫాను మీద కోపగించుకునేవాడు ఎంత అవివేకో, మాంద్యానికి మంత్రిని తిట్టేవాడూ అంతే. ప్రజలకు కావలసింది కారణాల జ్ఞానం, కోపం కాదు."

ఈ వాదంలో బలం లేకపోలేదు. కోపం మనిషికి పగవాడని మనం చిన్ననాడు బడిలోనే నేర్చుకున్నాం. కాని మన సాహిత్యం చెప్పింది అదొక్కటే కాదు. భారతం అరణ్యపర్వంలో, అడవి పాలైన ద్రౌపది ధర్మరాజును నిలదీస్తుంది. ప్రహ్లాదుడు తన మనుమడు బలికి చెప్పిన నీతిని ఎత్తిచూపి, సదా కోపమూ తగదు, సదా క్షమా తగదు అని వాదిస్తుంది. ధర్మరాజు ఒప్పుకోడు. వేల ఏండ్లుగా మనం ఆ ఇద్దరి మధ్యా నిలబడే ఉన్నాం.

నా మిత్రుని ఉపమానాన్నే తీసుకుందాం. తుఫాను సముద్రం మీదినుంచి వచ్చే మాట నిజమే. కాని కరకట్ట ఎవరి పొలం పక్కన గట్టిగా వేశారు, ఎవరి గూడెం పక్కన వదిలేశారు, గాలి తగ్గిన తరువాత బియ్యం పడవ మొదట ఏ వీధికి వెళ్లింది అనేవి ఆకాశంలో నిర్ణయమయ్యే సంగతులు కావు. మాంద్యంలోనూ అంతే. నష్టం రావడం వేరు, నష్టాన్ని పంచడం వేరు. మొదటిదానికి కారణాలు మాత్రమే ఉండవచ్చు. రెండవదానికి కర్తలుంటారు. కర్త ఉన్నచోట కోపానికి తావున్నది.

దీనికి అర్జెంటీనా చరిత్ర కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. 1991లో ఆ దేశం ఒక పెసో ఒక డాలరుతో సమానమని చట్టం చేసింది. అంతకుముందు ధరలు అదుపు తప్పి జనం హడలిపోయి ఉన్నారు గనుక ఆ చట్టానికి ఆదరణ లభించింది. 1998లో మాంద్యం ప్రవేశించింది. 1999లో పొరుగున ఉన్న బ్రెజిల్ తన నాణెం విలువ తగ్గించుకున్నది. పెసో మాత్రం డాలరుకు కట్టివేయబడి ఉండడంచేత అర్జెంటీనా సరుకు ప్రియమై అమ్ముడుపోలేదు. నాణెం విలువ తగ్గించే వీలు లేనప్పుడు తగ్గించడానికి మిగిలినవి కూలీ, జీతమూ, పింఛనూ. 2001 జూలైలో ప్రభుత్వ జీతాలనూ, ఒక పరిమితికి మించిన పింఛన్లనూ 13 శాతం కోశారు. ఆ సంవత్సరమంతా పెద్ద సొమ్ముగలవారు తమ సొమ్మును దేశం దాటిస్తూనే ఉన్నారు. డిసెంబరు మొదట్లో ప్రభుత్వం బ్యాంకుల తలుపులు బిగించి, వారానికి 250 పెసోలకు మించి నగదు తీయరాదన్నది. తలుపు బిగిసేనాటికి లోపల మిగిలినవారు ఎవరో చెప్పనక్కరలేదు.

డిసెంబరు 19 రాత్రి అధ్యక్షుడు డి లా రువా అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. ఆ ప్రకటన వింటూనే బ్యూనస్ ఎయిరిస్ గృహిణులూ, గుమాస్తాలూ వంటింటి గిన్నెలు, గరిటెలు పట్టుకుని వాయిస్తూ వీధిలోకి వచ్చారు. మరునాడు అధ్యక్షుడు రాజీనామా చేసి, హెలికాప్టరులో భవనం విడిచిపోయాడు. ఆ రెండు రోజుల్లో దేశంలో ముప్పైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2002లో జాతీయోత్పత్తి సుమారు 11 శాతం పడిపోయింది. జనాభాలో సగానికి మించి దారిద్ర్యంలో పడ్డారు.

ఇక నష్టాన్ని పంచిన తీరు చూడండి. 2002 ఆరంభంలో డాలరు డిపాజిట్లను డాలరుకు 1.40 పెసోల చొప్పున మార్చారు. బ్యాంకులకు రావలసిన డాలరు అప్పులను ఒక పెసో చొప్పున మార్చారు. కొద్ది నెలల్లో బజారులో డాలరు మూడు పెసోలు దాటింది. పెద్ద అప్పులున్న వ్యాపార సంస్థల భారం కరిగిపోయింది. బ్యాంకులకు కలిగిన లోటును ప్రభుత్వం బాండ్లతో పూడ్చింది. ఆ బాండ్ల భారం ప్రజల నెత్తిన పడింది. దీన్ని తుఫాను అనగలమా?

అయితే ప్రజాగ్రహాన్ని కీర్తించి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. అర్జెంటీనాలో నిరుద్యోగులు 1996 నుంచీ రహదారులు దిగ్బంధించి పని అడుగుతున్నారు. చమురు సంస్థను ప్రైవేటుపరం చేయగా పని పోయిన కుట్రల్ కో పట్టణంవారు అందులో ముందున్నారు. అప్పట్లో రాజధానిలోని మధ్యతరగతికి వారు దారికి అడ్డుగా కనిపించారు. డాలరుతో సమానమైన పెసో చవగ్గా విదేశీ వస్తువులను ఇంటికి తెచ్చిపెట్టింది. 1999 ఎన్నికల్లో ఆ మారకాన్ని నిలుపుతామన్నవారికే ప్రజలు ఓటు వేశారు. తమ డిపాజిట్టు చిక్కుకున్నాకనే గిన్నెలు మోగాయి. "అందరూ పోవాలి" అన్నది ఆనాటి నినాదం. అందరూ దోషులే అన్నప్పుడు ఏ నిర్ణయం ఎవరిదో అడగవలసిన పని తప్పిపోతుంది. మన పాలు ఎంతో లెక్క చూసుకోవలసిన పనీ తప్పిపోతుంది.

ఇతరుల దోషం ఎంచడం సులభం. నా సంగతీ చెప్పాలి. అదే 2001లో నేను జీతం దాచుకున్న ఒక సహకార బ్యాంకు చెల్లింపులు ఆపివేసింది. తెల్లవారకముందే పోయి కటకటాల ముందు వరుసలో నిలబడ్డాను. పాఠం చెప్పే గొంతుతోనే కేకలు వేశాను. నా వెనుక ఒక నేతపనివాడున్నాడు. కూతురి పెళ్లికి దాచిన సొమ్ము అందులో ఇరుక్కుంది. కాసేపు నా కేకలు విని అతను నెమ్మదిగా అన్నాడు: "మాస్టారూ, మా సంఘానికి బకాయిలు రాక మేం రోడ్డుమీద కూచున్ననాడు తమరు సైకిలు దిగి పక్క సందులోంచి వెళ్లారు. మీకు గుర్తుండదులెండి."

నాకు గుర్తున్నది. క్లాసుకు ఆలస్యమవుతున్నదని నాకు నేను చెప్పుకున్న మాటతో సహా గుర్తున్నది.

కొంతకాలానికి డిపాజిట్ బీమా కింద నా సొమ్ము నాకు వచ్చింది. ఆనాడు ఇంటికి వస్తూ, ఇన్నాళ్లూ మండిన నా కోపం ఎక్కడున్నదా అని వెదుక్కుంటే కనబడలేదు. అది అప్పులవాడి కోపం. బాకీ తీరగానే చల్లారింది. పౌరుని కోపమైతే తన బాకీ తీరిన తరువాత కూడా వరుసలో మిగిలినవారికోసం నిలబడి ఉండేది.

స్వార్థం నుంచి పుట్టిన కోపం కాబట్టి అది హీనమని నేననను. తన కాలికి ముల్లు గుచ్చుకున్నాకనే చాలామందికి ఎదుటివాడి కుంటు కనబడుతుంది. స్వార్థం వాకిలి వంటిది. తప్పంతా వాకిట్లోనే నిలబడిపోవడంలో ఉన్నది. బ్యూనస్ ఎయిరిస్‌లో కొందరు వాకిలి దాటారు. దిగ్బంధం చేసే నిరుద్యోగిదీ, గిన్నె వాయించే గుమాస్తాదీ ఒకే పోరాటమన్నారు. పేటపేటకూ సభలు పెట్టుకున్నారు. యజమానులు వదిలేసిన బ్రుక్‌మన్ బట్టల కర్మాగారాన్ని అందులోని కుట్టుపని స్త్రీలు ముందుండి నడిపించుకున్నారు. మరి చాలామంది పరిస్థితి చక్కబడగానే గిన్నెలు తిరిగి పొయ్యిమీద పెట్టుకున్నారు, పేటసభలు పలచబడ్డాయి. వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

కనుక నా మిత్రునికి నా సమాధానం ఇది: జ్ఞానాన్నీ, కోపాన్నీ ఎదురెదురుగా నిలబెట్టడం సరికాదు. ఇది ఆకాశంనుంచి పడలేదు, ఎవరో నిర్ణయించారు అని గ్రహించడమే న్యాయమైన కోపానికి మొదలు. ఆ గ్రహింపు లేని అర్థశాస్త్రం పాలకులకు సాకుగా పనికివస్తుంది. అయితే కోపించినవానికీ విధులున్నాయి: నిర్ణయం ఎవరిదో పేరుపెట్టి అడగాలి, అందులో తన పాలెంతో ఒప్పుకోవాలి, తన సొమ్ము చేతికి వచ్చాక కూడా కదలకుండా ఉండాలి. మూడవదే కష్టం.

ఆ నేతపనివాని సంఘానికి బకాయిలు వచ్చాయో లేదో నేను ఎన్నడూ అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాక గాని, అడగలేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు.