కాగితం పోయింది, సాక్ష్యమో?

ఆఫీసుల్లో కాగితం పోతోందంటే సంతోషమే. చెదలు పస్తుంటాయి. బరువు పెడితేగాని కదలని ఫైలూ ఉండదు. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ కచేరీల్లోకి 1998లోనే కంప్యూటర్లొచ్చాయి. 2000 నాటి చట్టం డిజిటల్ సంతకానికీ విలువిచ్చింది.

అయితే ఒక్క మాట. కాగితమంటే మనిషి చేతిలో ఉండే సాక్ష్యం. చదువురాని అవ్వ కూడా పట్టాదారు పాసుపుస్తకాన్ని ట్రంకుపెట్టెలో, చీరమడతల్లో దాచుకుంది. ఇప్పుడు అసలు రుజువు కచేరీవారి యంత్రంలో ఉంది. అందులో పేరు తప్పు పడితే దిద్దించుకునే భారం ఎవరిది? అవ్వదే!

"సిస్టంలో అలాగే ఉందమ్మా" అంటాడు గుమాస్తా. పూర్వం "అయ్యగారు సంతకం పెట్టలేదు" అనేవాడు. నిలదీయడానికి ఓ అయ్యగారైనా ఉండేవారు. సిస్టంను నిలదీసేదెవరు?

కాగితం తగ్గించండి, కాదనం. జవాబుదారీ తగ్గించకండి. ఎక్కించినవాడి పేరు తెరమీద కనబడాలి. నకలొకటి అవ్వ పెట్టెలో ఉండాలి.