లాభవాగ్దానమునందలి అనృతము

భవిష్యత్తును గూర్చిన మాట పలికిన క్షణమున సత్యమును గాదు, అసత్యమును గాదు. అట్లైనచో "మీ ధనమునకు ఇంత లాభము వచ్చును" అని నమ్మబలికి సొమ్ము గైకొన్నవానిని వంచకుడనుట యెప్పుడు న్యాయమగును? లాభము రానంతమాత్రమున అట్లనినచో సేద్యము మొదలు నౌకావ్యాపారము వరకు సాహసించు ప్రతివాడును నేరస్థుడే.

1860 నాటి మన శిక్షాస్మృతి ఈ చిక్కును నీలిమందు మొక్క యుదాహరణముతో విడదీసినది. మొక్కను సరఫరా చేసెదనని బయానా పుచ్చుకొన్నవాడు, పుచ్చుకొన్నప్పుడే ఇచ్చు తలంపు లేనివాడైనచో మోసగాడు. తలంపు నిజముగా నుండి పిమ్మట మాట తప్పినవాడు సివిలు దావాకు మాత్రమే బాధ్యుడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమును నెరవేర్చు నుద్దేశము లేని వాగ్దానమును వంచనలలోనే చేర్చినది.

పరుల మనస్సును చూచినదెవరందురా? లెక్కపుస్తకములు చూపును. 1920లో బోస్టను నగరమున చార్లెస్ పాంజీ, తపాలా కూపనుల వర్తకముచే 45 దినములలో నూటికి 50 లాభమిత్తునని చాటి, వర్తకము పేరునకే మిగులగా, వెనుక వచ్చినవారి సొమ్మునే ముందు వచ్చినవారికి లాభమని పంచెను. అతడు బొంకినది ఆనాటి స్థితిని గూర్చియే.

ఇంతవరకు సులభము. నన్ను కలవరపెట్టువాడు తన మాటను తానే నమ్మినవాడు. ఇంగ్లండునందలి ప్లిమత్ ప్రాంతపు ట్రాము కంపెనీ డైరెక్టర్లు, బోర్డు ఆఫ్ ట్రేడ్ అనుమతి కావలసియుండగా, అది రాకపోదను ధీమాతో, ఆవిరిశక్తిచే బండ్లు నడుపు హక్కు తమకు గలదని ప్రకటించి వాటాల నమ్మిరి. అనుమతి చాలవరకు నిరాకృతమై కంపెనీ మూతపడెను. 1889లో ప్రభువుల సభ, నిష్కపటముగా నమ్మినవారు ఎంత అజాగ్రత్తపరులైనను వంచకులు గారని తీర్పు చెప్పెను.

ద్రోణునితో ధర్మరాజు పలికిన మాట అక్షరమున సత్యమై సంకల్పమున అనృతమైనది. వీరిది దానికి తలక్రిందు. అయినను, నమ్మినచో తనకు లాభము గలుగు విషయమును విచారింపకయే నమ్మిన మనస్సును నిర్మలమనుటకు నాకు నోరాడదు. ధనాపేక్ష గలవానికి నమ్మకము మిక్కిలి చౌకగా లభించును. మరుసటి యేడే పార్లమెంటు, అట్టి డైరెక్టర్లు తమ నమ్మకమునకు సహేతుకమైన ఆధారము చూపవలెనని, చూపనిచో నష్టపరిహార మీయవలెనని శాసించినది. వంచకులను ముద్ర మాత్రము వేయలేదు. ఆ భేదమును పాటించుట సమంజసముగనే తోచుచున్నది.