సెన్సర్‌కు తెలుస్తుందా?

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు; ముక్కు దాన్ని పసిగట్టలేదు. టిన్ ఆక్సైడ్‌తో చేసిన చిన్న సెన్సర్ మాత్రం పట్టేస్తుంది. అలాగని ఆ వాయువు ఉన్నట్టు సెన్సర్‌కు తెలిసిందనవచ్చా? అనకూడదని నా వాదం. పరికరానికి తెలివిని అంటగడితే, తెలుసుకోవలసిన మనిషి బాధ్యత మెల్లగా జారుకుంటుంది.

సెన్సర్‌లో జరిగేది ఇంతే. రెండు వందల నుంచి నాలుగు వందల డిగ్రీల వేడి మీదున్న ఆక్సైడ్ రేణువులకు గాలిలోని ఆక్సిజన్ అంటుకొని ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది; విద్యుత్ నిరోధం పెరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ వచ్చి ఆ ఆక్సిజన్‌తో కలిస్తే ఎలక్ట్రాన్లు తిరిగొస్తాయి, నిరోధం పడిపోతుంది. రేణువులు కొన్ని నానోమీటర్లకు తగ్గి, వాటి నడుమ రంధ్రాలుంటే వాయువు లోపలిదాకా చొరబడుతుంది కనుక మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నిరోధం తగ్గింది కాబట్టి వాయువుందనడం తార్కికుల లెక్కలో అనుమాన ప్రమాణం, అంటే గుర్తును బట్టి కనబడనిదాన్ని తేల్చడం. తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ చదివినవారికి ఇందులోని చిక్కు వెంటనే తడుతుంది. పొగ ఉన్నచోట నిప్పుంటుంది. నిప్పున్నచోటల్లా పొగ ఉండదు, ఎర్రగా కాలిన ఇనుపగుండే సాక్షి. అలాగే ఈ వాయువు వస్తే నిరోధం తగ్గుతుంది గాని, తగ్గిన ప్రతిసారీ వచ్చింది ఇదే కానక్కర్లేదు. ఆల్కహాల్ ఆవిరికీ, హైడ్రోజన్‌కూ తగ్గుతుంది. హేతువు వ్యభిచరించిందన్నమాట, అంటే గుర్తు కనిపించినా అది చూపాల్సిన వస్తువు లేకపోవచ్చు. రంధ్రాలు పెంచినంత మాత్రాన ఈ దోషం పోదు. పల్లాడియం వంటివి చేర్చి, వేడిని మార్చి, పలు సెన్సర్లను పోల్చి దాన్ని తగ్గించేది మనిషి విచారణే.

ముక్కులో జరిగేదీ రసాయన చర్యే కదా అని భౌతికవాది చార్వాకుడు అడుగుతాడు. నిజమే, న్యాయ దర్శనం వారైన నైయాయికులకూ ముక్కు కరణమే, అంటే సాధనమే; తెలుసుకునేది ఆత్మ. ఆత్మను ఒప్పుకోకపోయినా ఒక తేడా మిగులుతుంది. ఇది ఆ వాసనేనా, కాదా అని మనిషి సంశయిస్తాడు, పొరబడతాడు, సరిదిద్దుకుంటాడు. ఆల్కహాల్‌కు స్పందించిన సెన్సర్ పొరబడలేదు. దాన్ని చదివిన మనం పొరబడ్డాం. సంశయానికి చోటులేని దాన్ని జ్ఞానమనడం కష్టం.

మరి సెన్సరే వాల్వు మూసేస్తే, తెలిసినవాడి అవసరమేముంది? ఎంత మోతాదుకు మూయాలో ముందే నిర్ణయించింది ఒక మనిషి. యంత్రం చేసేది ఆ నిర్ణయాన్ని అమలు చేయడమే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. స్టైరీన్‌కు వాసనుంది, పీల్చినవారికి ముక్కులున్నాయి; అయినా ప్రమాద సైరన్ మోగలేదని ప్రభుత్వ కమిటీ తేల్చింది. అక్కడ కొరవడింది గ్రహించే సాధనం ఒక్కటే కాదు, గ్రహించినదాన్ని తన బాధ్యతగా తీసుకునే మనిషి కూడా. ఎన్ని పీపీఎంల దగ్గర మోగాలి, మోగితే ఎవరు కదలాలి అన్నవి నానో పదార్థాలు తేల్చే ప్రశ్నలు కావు. వాటికి జవాబుదారీ ఎవరో ప్రతి కర్మాగారంలోనూ ప్రమాదానికి ముందే రాసి ఉండాలి.