గడప దాటు చేతిపని

ఒకడు తన యింటిలో, తన ధనముతో, తన తీరిక వేళలో, తన సంతోషముకొరకు ఒక వస్తువును చేసికొనుచున్నాడు. దానిని అమ్ముట లేదు. ఎవరి సొమ్మును అపహరించుట లేదు. అట్టి పనిని ప్రశ్నించు అధికారము ఇతరులకు కలదా? పైకి చూడగా లేదనియే తోచును. అల్లికపని చేయు ఇల్లాలిని, గాలిపటము కట్టు బాలుని, కొయ్యబొమ్మ చెక్కు వృద్ధుని ఏ ప్రభుత్వమును అనుమతిపత్రము అడుగదు. కాని రెండు పనుల విషయములో లోకము ఈ ఉదారతను చూపలేదు. మత్తు కలిగించు పానీయమును ఇంట పులియబెట్టుకొనుట యొకటి. ఇంటినుండి నిస్తంత్రీ వార్తలను పంపుట రెండవది. ఈ రెండింటి గడపవద్దను చట్టము కావలి కాయుచున్నది. ఈ కావలి న్యాయమా, లేక పెత్తనము మాత్రమేనా యని విచారించుటయే ఈ వ్యాసమునందలి ఉద్దేశము.

మేముండు హెబ్బగోడిలో ఇట్టి ప్రశ్న పుట్టుట వింత కాదు. బెంగళూరునుండి హోసూరు పోవు రాజమార్గముపై, ఆనేకల్ తాలూకాలో ఉన్నది ఈ యూరు. మాకు ఉత్తరమున ఎలక్ట్రానిక్స్ సిటీ కలదు. కర్ణాటక ప్రభుత్వము 1976లో స్థాపించిన కియోనిక్స్ సంస్థ, శ్రీ ఆర్. కె. బాలిగా గారి సంకల్పబలముతో, కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామముల భూములలో 332 ఎకరములందు దానిని నెలకొల్పినది. మా యూరిలోనే బయోకాన్ కర్మాగారము కలదు. 2025 ఆగస్టులో ప్రారంభమైన మెట్రో పసుపు మార్గములో మా స్టేషను పేరునకు ముందు ఆ సంస్థ పేరు చేరియున్నది. దాని పుట్టుక యెట్టిదో చాలమంది యెరుగరు. శ్రీమతి కిరణ్ మజుందార్ షా గారు ఆస్ట్రేలియాలోని బల్లారట్‌లో బీరు తయారీ విద్యను అభ్యసించి 1975లో పట్టము పొందిరి. స్వదేశములో స్త్రీకి ఆ పని యిచ్చువారు లేకపోయిరి. అంతట 1978లో పదివేల రూపాయల మూలధనముతో, బెంగళూరులో అద్దె యింటి గ్యారేజీయందు, బొప్పాయి పాలనుండి ఒక ఎంజైమును, చేప తిత్తినుండి బీరును తేటపరచు పదార్థమును తీయుటతో ఆ సంస్థ ఆరంభమైనది. నేడది మధుమేహ రోగులకు ఇన్సులిన్ తయారుచేయుచున్నది. ఒక వైపు పులియబెట్టు విద్య, మరియొక వైపు విద్యుత్కణముల విద్య. నడుమ కాపురముండు మావంటి విశ్రాంత గుమాస్తాలు రెండింటిని గూర్చియు వినుచునే యుందురు.

మా వీథిలో ఒక తెలుగు యువకుడు కలడు. ఉద్యోగము ఎలక్ట్రానిక్స్ సిటీలో. తీరిక దొరికినచో చేతిలో సోల్డరింగు కడ్డీ. ఎస్. పి. రోడ్డులోని దుకాణములనుండి విడిభాగములు తెచ్చి ఆతడొక పెట్టెను తయారుచేసినాడు. థర్మోకోలు పెట్టెలో ఒక బల్బు, ఒక చిన్న పంకా, వేడిని గుర్తించు ఒక థర్మిస్టరు, స్విచ్చువలె పనిచేయు ఒక రిలే. లోపల చలి పెరిగినచో బల్బు వెలుగును; కావలసిన వేడి రాగానే ఆరును. మార్గశిర పుష్యమాసములలో బెంగళూరు చలికి ఇడ్లీపిండి పొంగదు, పెరుగు తోడుకొనదు. ఆ పెట్టె వచ్చిన పిమ్మట వారి తల్లిగారికి ఆ చింత తీరినది. ఇపుడా యువకునకు బార్లీ మొలకలు తెప్పించి అదే పెట్టెలో బీరు పులియబెట్టవలెనని కోరిక కలిగినది. ఒకనాడు మాతో, "బాబాయిగారూ, మా అమ్మ పిండి పులియబెట్టినచో వంట అందురు; నేను గింజల రసము పులియబెట్టినచో నేరమందురు. ఇందులో న్యాయమేమి?" అని యడిగినాడు.

ప్రశ్న తేలికైనది కాదు. ప్రకృతి దృష్టిలో ఈ రెండు పనులకు భేదము స్వల్పము. ఇడ్లీపిండిలో ఒక జాతి సూక్ష్మజీవులు పులుపును, వాయువును పుట్టించి పిండిని పొంగించును. గింజల రసములో ఈస్టు అను మరియొక జాతి జీవి చక్కెరను విడగొట్టి, 180 గ్రాముల గ్లూకోజునుండి లెక్కప్రకారము 92 గ్రాముల ఆల్కహాలును, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువును ఇచ్చును. మన సర్కారు జిల్లాల యిండ్లలో తరవాణి కుండ నిన్నమొన్నటి వరకు పూజనీయమైన వస్తువు. పులియబెట్టుట పాపమైనచో మన వంటయిల్లే పాపాలయము కావలసియుండును. కావున దోషము పులియబెట్టుటలో లేదు. మరెక్కడ ఉన్నది? దీనికి పుస్తకములకంటె మన జాతి చరిత్రయే మంచి సమాధానము చెప్పగలదు.

1879లో గోదావరి మన్యమున రంప పితూరీ జరిగినది. అల్లూరి సీతారామరాజు గారి పోరాటమునకు నలుబది యేండ్లకు పూర్వపు మాట ఇది. మన్యమువారికి కల్లు విలాసము కాదు, వేసవిలో ఆహారము. తమ కొండమీది చెట్టునుండి తమ యింటికి తాము దించుకొనునది. దానిపై మన్సబుదారు చిగురు పన్ను వేసినాడు. పిమ్మట ప్రభుత్వము అబ్కారీ హక్కును పైనుండి వచ్చిన గుత్తదారులకు ఇచ్చి, ఇంటివాడకమునకైనను రుసుము లేక కల్లు దించరాదనెను. ఈ బాధయే తక్కిన బాధలతో కలిసి పితూరీగా మండినది. దానిని అణచుటకు సైన్యములను పంపవలసివచ్చెను. ఇంట చేసికొను హక్కుకొరకు తెలుగువారు ప్రాణములొడ్డిన సందర్భమిది.

నూటపదమూడేండ్ల తరువాత, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో మరియొక పోరాటము పుట్టినది. వయోజన విద్యా కేంద్రములో అక్షరములు దిద్దుకొనుచున్న స్త్రీలు, తమ పాఠములోని సారా కథను తమ బ్రదుకుతో పోల్చి చూచుకొనిరి. భర్త కూలి డబ్బు సారా దుకాణమునకు పోవుచుండెను; రాత్రి దెబ్బలు ఇంటికి వచ్చుచుండెను. శ్రీమతి రోశమ్మ మొదలగువారు దుకాణమును మూయించిరి. ఉద్యమము జిల్లాలు దాటినది. 1993లో రాష్ట్రమంతట సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో ఆ నిషేధము సడలినది.

ఈ రెండు పోరాటములను ప్రక్కప్రక్కన నిలిపినచో ఒకటి మరియొకదానిని ఖండించుచున్నట్లు కనబడును. మన్యమువారు మా పానీయము మాకు విడువుడనిరి. దూబగుంట స్త్రీలు ఆ పానీయము మాకు వలదనిరి. కాని లోతుగా చూడగా రెండుచోట్లను అడిగిన ప్రశ్న ఒక్కటియే. చేయువాడొకడు, లాభము పొందువాడొకడు, ఫలితము అనుభవించువాడు మరియొకడు అగుట న్యాయమా? రంపలో లాభము గుత్తదారునిది, బాధ కొండవానిది. దూబగుంటలో లాభము కాంట్రాక్టరుది, ఖజానాది, బాధ ఇల్లాలిది. ఆ యిల్లాలి సమ్మతిని అడిగినవారెవరును లేరు. అంతకు పూర్వము వారుణి వాహిని యను సొగసైన పేరుతో ప్రభుత్వమే సారా పొట్లములను పల్లెలకు చేర్చిన కాలము కూడ మన కందరికి జ్ఞాపకమే.

మా యూరి చుట్టుప్రక్కల సంగతి మరియొకటి చెప్పవలెను. కర్ణాటకములో 2007 జులై 1 నుండి సారా నిషిద్ధమైనది. మరుసటి యేడు మే నెలలో బెంగళూరు, కోలారు ప్రాంతములలోను, సరిహద్దుకావల కృష్ణగిరి జిల్లాలోను కల్తీసారా త్రాగి నూరుమందికి మించి మరణించిరి. ఇంట గింజలు పులియబెట్టుటవలన వచ్చిన చావులు కావవి; మిథైల్ ఆల్కహాలు అను పారిశ్రామిక విషము కలుపుటవలన వచ్చినవి. చేసినవాడెవడో త్రాగువానికి తెలియదు. ఏమి కలిపినాడో అడుగుటకు వీలులేదు. పేరు లేని చేతిపని ఎంత దూరము పోగలదో ఆ నెలలో ఈ ప్రాంతము చూచినది.

ఇక రెండవ గడప సంగతి. మా బాల్యములో రేడియో వినుటకైనను అనుమతిపత్రము వలసియుండెను. పోస్టాఫీసునకు పోయి, రుసుము చెల్లించి, చిన్న పుస్తకములో ముద్ర వేయించుకొనవలెను. 1980వ దశకములో ఆ పద్ధతి రద్దయినది. న్యాయమే. వినువాడు ఇతరులకు హాని చేయడు. కావలి అక్కడ అనవసరము. పలుకువాని సంగతి వేరు. వాని యింట పుట్టిన తరంగము గోడలను దాటి, వీథిని దాటి, సముద్రమును దాటును. అపసవ్యముగా కట్టిన యంత్రము పొరుగువారి మాటను, విమానముల మాటను చెరుపగలదు. అయినను లోకము ఆ వినోదమును నిషేధింపలేదు. దానికొక మర్యాదను ఏర్పరచినది. హామ్ రేడియో అను ఈ విద్యను అభ్యసించువాడు పరీక్షలో ఉత్తీర్ణుడు కావలెను. మన దేశములో పండ్రెండేండ్లు నిండిన బాలుడైనను దీనికి కూర్చుండవచ్చును. పిమ్మట వానికొక సంకేతనామము లభించును. పలికినప్పుడెల్ల ఆ పేరు చెప్పవలెను. రహస్యభాష కూడదు. ధనార్జన కూడదు.

ఇట్టి నియమములు వినోదమును చంపలేదు సరికదా, దానికి గౌరవము తెచ్చినవి. హైదరాబాదులో 1983లో స్థాపితమైన జాతీయ హామ్ రేడియో సంస్థవారు 2004 డిసెంబరులో అండమాను దీవులకు పోయిరి. శ్రీమతి భారతీ ప్రసాద్ గారి నాయకత్వమున పోర్ట్‌బ్లెయిర్‌లో రేడియో కేంద్రము పెట్టి, లోకమందలి తోటి హామ్‌లతో సంభాషించుట వారి ఉద్దేశము, కేవలము వేడుక. డిసెంబరు 26న సునామీ వచ్చినది. తంతివార్తల మార్గములు తెగిపోయినవి. వేడుకకు కట్టిన ఆ యంత్రములే దీవులకును ప్రధానభూమికిని నడుమ క్షేమవార్తలను మోసినవి. పరీక్ష, పేరు, బహిరంగభాష ముందే యుండుటవలన ఆనాడు వారి మాటను అధికారులు నమ్మగలిగిరి.

దీనినిబట్టి మాకు తోచిన కొలబద్ద యిది. ఇంటి చేతిపని గడపలోపల ఉన్నంతవరకు చేయువాని యిష్టము. దాని ఫలము గడప దాటునెడల, అనగా ఇతరుని దేహమునకో, నిద్రకో, సంపాదనకో తగులునెడల, చేయువాడు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. ఈ విద్య నాకు నిజముగా తెలియునా? చేసినవాడను నేనని పేరు చెప్పగలనా? ఎంత చేసితినో, ఎవరికిచ్చితినో లెక్క చూపగలనా? దీని ఫలితము భరించువారు సమ్మతించిరా? గుమాస్తాగిరిలో తలనెరిసినవారము కనుక లెక్కపుస్తకముపై మాకు మోజు హెచ్చని యువకులు నవ్వవచ్చును. కాని లెక్క యనునది అనుమానము కాదు. తోటివారియెడ చూపు మర్యాద. ఇంటిలోనివారు కూడ ఇతరులే యని మరువరాదు. మన గడప దాటకయే భార్యకు, బిడ్డకు తగులు ఫలితములు కలవు. దూబగుంట నేర్పిన పాఠములో పెద్ద భాగమదియే.

ఇందుకొక ఆక్షేపణ కలదు, అది బలమైనది. కర్ణాటకపు 1965 నాటి అబ్కారీ చట్టము అనుమతి లేక మద్యము తయారుచేయుట కూడదన్నది. రాజ్యాంగపు 47వ అధికరణము మత్తుపానీయముల నిషేధమునకై ప్రభుత్వము యత్నింపవలెనన్నది. అయినను వీథివీథిని లైసెన్సు దుకాణములు వెలయుచున్నవి. అత్తిబెలె దాటినచో తమిళనాడులో 2003 నుండి ప్రభుత్వ సంస్థయే చిల్లరగా అమ్ముచున్నది. తాను అమ్మునది పౌరుడు ఇంట చేసికొనరాదనుట ధర్మచింతనయా, ఆదాయచింతనయా? ఈ ఆక్షేపణలో సత్యము లేదని మేము చెప్పజాలము. రంపలో గుత్తదారు చెప్పినదానికి దీనికి పోలిక కలదు.

అయినను ప్రభుత్వమందలి అసంగతి మనకు వాదించు హక్కునిచ్చును గాని దాచు హక్కునీయదు. ఇంగ్లండులో ఇంటి బీరునకు వలసిన అనుమతిపత్రమును 1963లో ఎత్తివేసిరి. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టము, ఇద్దరు పెద్దలున్న ఇంటికి సంవత్సరమునకు 200 గ్యాలనులని పరిమితి పెట్టి, అమ్మకమును నిషేధించి, ఇంటి తయారీని అనుమతించినది. పరిమితి, ఇంటివాడకము, లాభము లేకుండుట – హామ్ రేడియో మర్యాదకు ఇవి దగ్గరి చుట్టములు. అట్టి చట్టము మనకును కావలెనని కోరువారు బహిరంగముగా కోరవచ్చును, అందులో సిగ్గులేదు. దూబగుంట స్త్రీల కొడుకులు, కోడండ్రు ఏమందురో కూడ ఆ సభలో వినవలెను. అంతవరకు తలుపు మూసి చేయు చిన్న కుండెడు బీరు ఎవరిని చంపకపోవచ్చును. కాని అది చేయువానిని తన పేరు చెప్పుకొనలేనివానిగా మార్చును. తన చేతితో చేసిన వస్తువును తనదని చెప్పుకొనుటలోనే గదా చేతిపనివాని ఆనందమంతయు ఉన్నది! ఆ యానందమునే పోగొట్టుకొన్న పిమ్మట మిగులునది పానీయము మాత్రమే. అది దుకాణములోను దొరకును.

యువకునితో మేము ఈ మాటలే చెప్పితిమి. "దుకాణములు మూయనిది నా పెట్టె యేల మూయవలెను?" అని ఆతడు వాదించినాడు. పూర్తిగా ఒప్పుకొనలేదు. ముఖాముఖిగా ఒప్పుకొనకుండుటయే మాకు సంతోషము. చాటున ఒప్పుకొనకుండుట మాత్రము వలదంటిమి. ప్రస్తుతము ఆ పెట్టెలో పిండి పొంగుచున్నది, అల్లపురసము పులియుచున్నది.

ప్రవాసాంధ్రుల యిండ్లలో నేడు ఇట్టి నేర్పరులైన బిడ్డలు చాలమంది కలరు. పెద్దలు వారి చేతులను కట్టివేయరాదు. చేతులు ఖాళీగా నుండుటకంటె చెడుగు లేదు. వారి బల్లపైనున్న తీగలను, సీసాలను చూచి భయపడుటకు మారుగా, ఇది యేమి, ఎట్లు పనిచేయును, దీని ఫలితము ఎవరికి తగులునని యడుగుదము. జవాబు గట్టిగా, అందరు వినునట్లు వచ్చినచో ఆ పని మంచిదనియే నమ్మవచ్చును. గొంతు తగ్గినచో, ఆ పెట్టెను తెరచి మరల విచారించుకొను పని వారిదే.