కుమ్మరి చేతిలో మన్ను



‘ప్లాస్టిక్’ అనగానే మనకు ఏం గుర్తుకొస్తుంది? నీళ్ళ బిందె, బకెట్టు, మురుగుకాలువకు అడ్డుపడిన సంచులు. ప్లాస్టిక్ పూలంటే వాసన లేని పూలు. ప్లాస్టిక్ నవ్వంటే మనసులో లేని నవ్వు. ఈ విధంగా ఆ మాట నకిలీకి మారుపేరైపోయింది. కాని దాని పుట్టింటికి వెళ్ళి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అక్కడ ఫ్యాక్టరీ లేదు, కుమ్మరి ఉన్నాడు.

గ్రీకు భాషలో ‘ప్లాస్సేయిన్’ అంటే మెత్తని మట్టినో మైనాన్నో మలచి రూపమివ్వడం. మలచడానికి వీలైనది ‘ప్లాస్టికోస్’. ఆ మాటే లాటిను మీదుగా ఇంగ్లీషుకు, అక్కడినుండి మన ఇళ్ళకు వచ్చింది. ప్లాస్టిక్ సర్జరీ అంటే ముఖంలో ప్లాస్టిక్ పెడతారని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. చెడిన రూపాన్ని తిరిగి మలచడమని దాని అర్థం. జర్మన్ వైద్యుడు గ్రేఫె 1818లోనే ముక్కును సరిచేసే చికిత్సపై వ్రాసిన పుస్తకం పేరులో ఈ మాట వాడాడు. అప్పటికి నేటి ప్లాస్టిక్ వస్తువులు పుట్టనే లేదు.

ఈ మాట మన దివ్యగ్రంథంలోనూ ఉంది. దేవుడు నేలమట్టితో నరుని చేశాడని ఆదికాండము 2:7లో చదువుతాం. పూర్వం యూదులు ఆ గ్రంథాన్ని గ్రీకులోకి అనువదించినపుడు ‘చేశాడు’ అనేచోట వాడినది ఈ ‘ప్లాస్సేయిన్’ క్రియనే. సొలోమోను జ్ఞానగ్రంథము (7:1, 10:1) ఆదామును ‘ప్రోతోప్లాస్తోస్’ అంటుంది. అంటే మొట్టమొదట మలచబడినవాడు. పునీత పౌలుగారు కూడ రోమీయులకు వ్రాసిన లేఖలో (9:20) మలచబడిన వస్తువు తనను మలచినవానిని నిలదీయగలదా అని అడుగుతూ ఈ మాటనే వాడారు. కనుక అసలు అర్థంలో చూస్తే, ప్లాస్టిక్ అంటే నీవు, నేను! దేవుని వ్రేళ్ళ గురుతులు మోస్తున్న మట్టి ముద్దలం.

ఇప్పుడు మన వంటింటికి వద్దాం. బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేకలాండ్ 1907లో ‘బేకలైటు’ను కనిపెట్టాడు. పాత ఇళ్ళలోని నల్లని కరెంటు స్విచ్చులు దానితో చేసినవే. కుక్కరు పిడులకూ దానిని వాడతారు. దానిని అచ్చులో పోసి, వేడిచేసి, నొక్కితే గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడితే ఇక అంతే! ఎంత వేడిచేసినా మాడిపోతుందే తప్ప మెత్తబడదు. బకెట్టు సంగతి వేరు. అది పగిలినా కరిగించి మరొక వస్తువు చేయవచ్చు. పేరు ఒక్కటే, స్వభావాలు రెండు.

ప్రవక్త యిర్మీయా ఈ రెండింటినీ చూశాడు. 18వ అధ్యాయంలో ఆయన కుమ్మరి ఇంటికి వెళ్తాడు. సారెమీది కుండ చెడిపోతుంది. కుమ్మరి ఆ మట్టిని పారవేయడు. దానితోనే మరొక కుండ చేస్తాడు. 19వ అధ్యాయంలో ప్రవక్త కాల్చిన కూజాను కొని, ప్రజల ముందు పగులగొడతాడు. అది ఇక అతకదు. దేవుని మాట వినకుండ మెడ బిరుసు చేసుకొన్న ప్రజలకు అది హెచ్చరిక. మట్టి రెండుచోట్లా మట్టే. ఒకటి తడిగా ఉంది, మరొకటి గట్టిపడిపోయింది.

మన కుటుంబాలలో ఏ మట్టి ఉంది? పొలం గట్టు తగాదాతో మాటలు మానుకొన్న అన్నదమ్ములు ఏ విచారణలో లేరు? ఒకే గుడికి వస్తారు. ఒకే దివ్యసత్ప్రసాదం లోకొంటారు. చెరొక ద్వారంగుండా వెళ్ళిపోతారు. ‘నా స్వభావమే అంత, చచ్చేదాకా మారదు’ అంటాడు భర్త. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని భార్య వాపోతుంది. సామెత లోకానుభవం. కాని సువిశేషం అంతకన్న పెద్దది. ప్రాణమున్నంతవరకు మనం సారెమీదనే ఉన్నాం.

అయితే మెత్తగా ఉంటే చాలదు. ఎవరి చేతిలో మెత్తగా ఉన్నామన్నదే ప్రశ్న. త్రాగుడు స్నేహితుల చేతిలో మెత్తబడేవాడు తల్లి కన్నీటికి రాయిలా ఉంటాడు. కట్నం మాటలకు కరిగిపోయే మనసు కోడలి బాధకు కరగదు. లోకం పోతపోసిన అచ్చులో ఒదిగిపోవద్దని అపోస్తలుడు హెచ్చరించినది (రోమీ 12:2) ఇందుకే.

మట్టిని మెత్తబరచేది నీరు. మనకు ఆ నీరు జ్ఞానస్నానంలో లభించింది. గట్టిపడిన మనసు పాపసంకీర్తనంలో మరల తడుస్తుంది. ఈ వారం గురువులవద్దకు వెళ్ళండి. ఆ తరువాత అన్న గడప తొక్కండి. ‘అన్నా, తప్పు నాదీ ఉంది’ అనండి. బజారుకు వెళ్ళేటపుడు గుడ్డసంచి తీసుకువెళ్ళండి. ప్లాస్టిక్ వాడకం తగ్గించడం వంటి చిన్న పనులను ఫ్రాన్సిస్ పోపుగారు 2015 నాటి ‘లౌదాతో సీ’ లేఖలో మెచ్చుకొన్నారు. చిన్న అలవాటు మార్చుకోలేనివాడు పెద్ద పగను ఎలా వదులుకొంటాడు?

ప్రభువా, మేము మన్నులం, నీవు కుమ్మరివి. మేము గట్టిపడకముందే మమ్ము నీ చేతిలోనికి తీసుకొనుము. ఆమెన్.