పుట్టిన చోటు

యెరూషలేము కోటలో పౌలును కొరడాలతో కొట్టింపబోయిన సహస్రాధిపతి తన రోమా పౌరత్వమును విస్తారమైన సొమ్ము పోసి కొనుక్కొన్నవాడు. పౌలుకు అది పుట్టుకతోనే వచ్చినది. సొమ్ము పెట్టియైనను అతనికి దొరికెను గదా యని మొన్న నాకు తోచెను. మా సంఘములోని ఒక అవ్వ అడిగిన ప్రశ్నయే దీనికి కారణము.

"అయ్యగారూ, రెండేళ్లప్పుడు అమెరికా తీసుకుపోయిన నా మనవడికి వచ్చే ఏడు ఇరవై ఒకటి నిండుతాయి. ఆపైన వాణ్ణి అక్కడ ఉండనియ్యరేమో అంటున్నారు. మరి వాడు ఏ దేశపోడండీ?"

ఆ దేశ పౌరుడు కాగోరువాడు ముందుగా గ్రీన్ కార్డు, అనగా శాశ్వత నివాసపు అనుమతి, పొందవలెను. పిమ్మట సాధారణముగా 5 సంవత్సరములు నివసించి, ఇంగ్లీషులోను దేశచరిత్రలోను పరీక్ష నిచ్చి, ప్రమాణము చేయవలెను. ఇది న్యాయమే. ఇల్లు గలవాడు తలుపు పెట్టుకొనుట పాపము కాదు. చిక్కంతయు గ్రీన్ కార్డు వరుసలో నున్నది. ఉద్యోగము మూలముగా భార్యాబిడ్డలతో కలిపి ఏటికి సుమారు 1,40,000 కార్డులే యిత్తురు. అందులో ఏ ఒక్క దేశమున పుట్టినవారికిని సాధారణముగా నూటికి 7కు మించరాదు. ఇండియా అంతటి దేశమునకును ఒక చిన్న దీవికిని అదే కొలత! మనవారు ఏండ్ల తరబడి పన్నులు కట్టుచు వేచియుండగా, 21 నిండిన బిడ్డకు తండ్రి వరుసలో చోటు తరచుగా పోవును. వేరొక అనుమతి దొరకనిచో వెళ్లిపోవలసినదే.

1790 నాటి వారి మొదటి చట్టము తెల్లవారికి మాత్రమే ఈ తలుపు తెరచెను. మొదటి మహాయుద్ధకాలమున వారి సైన్యములోనే పనిచేసిన పంజాబు సిక్కు భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాడని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1946లో భారతీయులకు పౌరత్వము అనుమతించిరి. 1952లో జాతి అడ్డును తీసివేసిరి. రంగు అడుగుట మానిరి గాని పుట్టిన చోటు అడుగుట మానలేదు. భాష నేర్వవచ్చును, చట్టము నేర్వవచ్చును. పుట్టిన ఊరు మార్చుకొనగలవాడెవడు? (ముప్పది ఏండ్లు మన మధ్య కాపురమున్నవానిని ఇంకను పొరుగూరివాడనియే పిలుచు మనము వారిని నిందించుటకు కొంచెము సిగ్గుపడవలెను.)

ఆ పరిమితి తీసివేసినచో చిన్న దేశములవారు వెనుకబడుదురని కొందరందురు. నిజమే, మొత్తము సంఖ్య పెంచక వరుస మాత్రము మార్చిన, ఒకరి కన్నీరు తుడిచి మరియొకరిని ఏడిపించుటయే యగును. సంఖ్యయు పెంచవలెను. అది కాకున్నను, అక్కడనే పెరిగిన బిడ్డల చోటైనను 21 దాటిన తరువాత నిలుపవలెనని నా అభిప్రాయము.

అవ్వకు నేను జవాబు చెప్పలేకపోతిని. అబ్బాయికి తెలుగు వచ్చునా యని అడిగితిని.

"ఫోనులో నాతో నాలుగు ముక్కలు మాట్లాడతాడండీ," అనెను, "అంతే."